సంద్రం వైపు పరుగు

రంగనాథం కదలకుండా నిలబడ్డ మనుషులను ఫోటోలు తీసి బతికినవాడు. కదిలే మనుషులను తీయాలని వెళ్ళి తల దించుకుని వచ్చాడు. ఈ సంగతి చీపురుపల్లిలో ఆయనకీ, ఆయన భార్యకీ, పక్కకొట్టువాణ్ణి కనక నాకూ తప్ప ఎవరికీ తెలీదు. రాసుకో, నా పేరు కూడా మార్చకు అని ఆయనే అన్నాడు. సరే, మార్చలేదు. ఆ పిల్ల పేరు మాత్రం మార్చాను. పల్లె పేరు అసలు రాయను.

స్టేషన్‌కి పోయే రోడ్డులో రంగనాథం వాళ్ళ నాన్నది బెల్లం, చింతపండు కొట్టు. నాన్న పోయాక కొట్టు తమ్ముడికి వదిలేసి, ఆనుకుని ఉన్న గదిలో రంగనాథం స్టూడియో పెట్టాడు. వర్తకుల ఇంట పుట్టి బేరం చెయ్యడం రానివాడు లోకంలో నువ్వొక్కడివే అని నేను ఏడిపించేవాణ్ణి. నవ్వి ఊరుకునేవాడు. పనిలో మాత్రం వంక పెట్టడానికి ఉండేది కాదు. వెనకాల నీలం పరదా, ముందు కుర్చీ, "గడ్డం కొంచెం దించండి, కళ్ళార్పకండి" అన్న మాట. ఏళ్ళ తరబడి అదే మంత్రం.

నలభై దాటాక ఆయనకో పిచ్చి పట్టుకుంది. ఇంటర్నెట్‌లో ఎవరెవరో తీసిన ఫోటోలు చూశాడు. వానలో పరుగెత్తే మనుషులు, దుమ్ములోంచి దూసుకొచ్చే ఎడ్లు, మంచులో కరిగిపోతున్న వీధి. "ఆగిపోయిన బొమ్మలో గాలి వీస్తోంది చూడు" అంటూ ఫోన్ నా ముక్కు దగ్గర పెట్టేవాడు. నాకేమో కొట్లో గిరాకీ తొందర. అప్పట్నుంచి ఆయనకి తను తీసినవన్నీ చచ్చిన ఫోటోలు అనిపించడం మొదలైంది. "ఇన్నేళ్ళూ మనుషుల్ని దిష్టిబొమ్మల్లా నిలబెట్టాను" అనేవాడు.

రైళ్ళ మీద సాధన మొదలుపెట్టాడు. మామూలుగా తీస్తే పరుగెత్తే రైలు కూడా స్టేషన్‌లో ఆగినట్టే పడుతుందట. షట్టర్ నెమ్మదిగా పెట్టి, రైలుతోపాటే కెమెరానీ తిప్పితే రైలు తేటగా నిలిచి వెనక చెట్లూ స్తంభాలూ గీతలై సాగిపోతాయి. అది చూసినవాడికి చెవిలో చప్పుడు వినిపించాలి, మొహానికి గాలి తగలాలి. సాయంత్రాలు ప్లాట్‌ఫాం చివర నిలబడి మెడ తిప్పుతూ ఉండేవాడు. ఆ విద్యని ఒక పెళ్ళిలో కూడా చూపించాడు. ఆల్బం తెరిచిన పెళ్ళికూతురి మేనమామ నరసింగరావు స్టూడియోకి వచ్చి కేకలేశాడు. "ఏటయ్యా ఇది? మా పిల్లకి రెండు ముక్కులున్నాయేటి?" ఆ కబురు నాలుగు ఊళ్ళు తిరిగింది. ఆ ముహూర్తాల్లో ఆయనకి పెళ్ళి బేరాలు తగ్గాయి కూడా.

దానమ్మ ఆయనకి పరిచయమైంది ఆ రోజుల్లోనే. సముద్రం అంచు పల్లె నుంచి ఎండుచేపల గంపతో మా ఊరి సంతకి వస్తుంది. కొడుకు ధనరాజుకి కొత్తగా పెళ్ళయితే జంటని వెంటబెట్టుకుని ఫోటో తీయించడానికి వచ్చింది. కోడలి పేరు అనూరాధ అనుకుందాం. వాళ్ళ నాన్న చేపల పని మానేసి ఎప్పుడో విజయనగరం వెళ్ళి ఆటో నడుపుకున్నాడు. పిల్ల అక్కడే పుట్టి పెరిగింది. కెమెరా ముందు నవ్వడం ఆ పిల్లకి తెలుసు. మొగుడు మాత్రం గుంజలా నిలబడ్డాడు. దానమ్మ ఫోటో చూసి, "మా వోడు ఇక్కడ ఇలగున్నాడు గానీ తెప్ప మీద సూడాల బాబూ, సేపలాగ ఉంటాడు. ఓ పాలి మా ఊరు రా, తీసుకుందువుగాని" అంది.

పిలవడమే తడవు. రంగనాథం ఆమె ఇంటికి తరచు వెళ్ళడం మొదలుపెట్టాడు. ఇంట్లో ఎవరికీ చెప్పకుండా వెళ్ళేవాడు. చేపల వాసన సోకితే అమ్మ గుమ్మంలోనే నీళ్ళు పోయించే ఇల్లు అది. అక్కడ దానమ్మ ఆయనకి విడిగా కొబ్బరిబొండాం కొట్టించేది, మా గిన్నెలు నీకు పనికిరావు కదా బాబూ అంటూ. ఆమె భర్త సూరయ్య మాట తక్కువ మనిషి. వల బాగుచేసుకుంటూ తలెత్తి ఒకసారి చూసి మళ్ళీ పనిలో పడేవాడు. ఆ ఇంట్లో ఆయన్ని పరాయివాడిగా ఎవరూ చూడలేదు.

రెండువేల పదిహేడులో విజయనగరంలో ఒక ఫోటోగ్రాఫర్ల సంఘం వాళ్ళు పోటీ పెట్టారు. విషయం కదలిక. అది తెలిసిన రోజు నుంచి రంగనాథానికి కుదురు లేదు. ఆయన మనసులో ఫోటో ముందే సిద్ధమైపోయింది: మబ్బు పట్టిన ఆకాశం, కెరటాల తుంపర, ఇసక మీద నీళ్ళ వైపు పరుగెత్తే ఆడమనిషి, ఎగిరే చీర, ఎగిరే జుట్టు. దానమ్మని అడిగాడు. ఆమె చేతిలో చేప ఆగిపోయింది.

"పరుగెట్టమనకు బాబూ. మా ఆడోళ్ళు సంద్రమొంక పరుగెట్టరు. జుట్టిప్పుకుని అసలే పరుగెట్టరు. ఆడది అలగ పరుగెట్టినాదంటే తెప్ప బోల్తాపడ్డాదన్నమాట. ఊరంతా ఎనకాలొచ్చేస్తాది."

"సరేలే దానమ్మా, వద్దులే" అన్నాడు రంగనాథం.

ఆ 'వద్దులే' మాటని ఆయన నాకు చెబుతూ రెండుసార్లు ఆగిపోయాడు. మనిషికి చెప్పడం ఎందుకంటే వినడానికని కదా. ఈయన చెవితో విన్నాడు, అంతే.

ఆ ఫోటో తీసిన రోజు నిజంగానే మబ్బు పట్టింది. గాలి లేచింది. పొద్దున్న వెళ్ళిన తెప్పల్లో కొన్ని వచ్చేశాయి, కొన్ని ఇంకా రాలేదు. సూరయ్య, ధనరాజు వెళ్ళిన తెప్ప రాలేదు. దానమ్మ ఇంటి వెనక చేపలు ఉప్పులో వేస్తోంది. అనూరాధ ఒక్కతే ఒడ్డున ఎండుచేపల మీద పరదా కప్పుతోంది. వెలుగు ఎంత బాగుందంటే, దాన్ని చూసి ఒళ్ళు మరిచిపోయానన్నాడు రంగనాథం. నేను నమ్మను. ఒళ్ళు మరిచినవాడు దానమ్మ ఇంటి వైపు ఒకసారి తిరిగి చూసుకోడు. ఈయన చూసుకున్నాడట, ఆమె రావడం లేదు కదా అని.

"అమ్మాయీ, ఒక ఫోటో. నీళ్ళ వైపు పరుగెత్తాలి. జుట్టు ముడి తీసెయ్యి, గాలికి ఎగరాలి."

అనూరాధకి ఎవరూ చెప్పలేదు. ఆ ఊళ్ళో పుట్టిన ఆడపిల్లకి ఆ మాట ఒకరు చెప్పనక్కర్లేదు, నిప్పు ముట్టుకోకూడదని పెద్దవాళ్ళకి చెప్పనక్కర్లేనట్టు. బయట పెరిగిన పిల్లకి చెప్పాలని ఎవరికీ తట్టలేదు. పెళ్ళయ్యాక ఎవరూ సరదా మాట ఆడక మొహం వాచిపోయి ఉందేమో, వెంటనే నవ్వింది. జుట్టు విప్పింది. చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టి పరుగెత్తింది. మొదటిసారి షట్టర్ కుదరలేదు. "ఇంకొక్కసారి, ఇంకా గట్టిగా" అన్నాడు.

రెండోసారి పరుగెత్తుతుంటే ఇళ్ళ దగ్గర గురమ్మ చూసింది. గురమ్మ ముసలిది, కొడుకుని సముద్రానికి ఇచ్చుకున్న మనిషి. ఆమె నోట్లోంచి వచ్చింది కేక కాదు, ఇంకేదో అన్నాడు రంగనాథం. ఆ వెనకాలే అన్ని ఇళ్ళలోంచీ ఆడవాళ్ళు. చేతిలో ఉన్నది ఉన్నట్టే పారేసి, పైటలు జారిపోతున్నా చూసుకోకుండా, పడి లేచి, ఇసక లేపుకుంటూ వచ్చారు. అందరికంటే ముందు దానమ్మ. మోచేతుల దాకా ఉప్పు.

అప్పటికి రంగనాథానికి అర్థమైపోయింది. ఏం జరుగుతోందో, ఎవరివల్ల జరుగుతోందో అంతా తెలిసింది. తెలిసి కూడా కెమెరా దించలేదు. వాళ్ళు వస్తున్న వైపే నెమ్మదిగా తిప్పుతూ నొక్కాడు, రైళ్ళ దగ్గర నేర్చుకున్నట్టే. "చెయ్యి వణకలేదయ్యా. అంత నిలకడగా నా చెయ్యి ఎప్పుడూ లేదు" అని చెప్పి, రంగనాథం తన కుడిచెయ్యి వైపు చూసుకున్నాడు. నాకు మాత్రం ఆ చెయ్యి చూడాలనిపించలేదు.

నీళ్ళ దగ్గరికి వచ్చి ఆడవాళ్ళు సముద్రమంతా వెతికారు. ఏమీ కనపడలేదు. కనపడకపోతే ఇంకా భయం. గురమ్మ నీళ్ళలోకి నడిచిపోతుంటే ఇద్దరు పట్టి లాగారు. శోకాలు మొదలయ్యాయి. ఎవరి మొగుడి పేరు వాళ్ళు పెట్టి పిలుస్తున్నారు. అనూరాధ మధ్యలో బిక్కచచ్చిపోయి నిలబడింది. కాసేపటికి తెప్పలు ఒక్కొక్కటే కనిపించాయి. సూరయ్య, ధనరాజు కూడా గట్టెక్కి, ఊరంతా ఒడ్డున ఏడుస్తుంటే ఎవరు పోయారోనని వాళ్ళే బెదిరిపోయారు.

దానమ్మ కోడలి ముందు నిలబడింది. "ఎవులు పరుగెట్టమన్నారే నిన్ను?"

అనూరాధ రంగనాథం వైపు చూసింది. ఒక్క చూపు. తరవాత జుట్టు ముడి చుట్టుకుంటూ, "ఎవులూ నేదత్తా. నాకే సరదా పుట్టింది" అంది.

దానమ్మ చెంప పగలగొట్టింది. ఊరు చూస్తుండగానే.

ఆ పిల్ల ఎందుకలా అందో రంగనాథానికి అక్కడే తెలిసింది. పరాయి మగాడు జుట్టు విప్పమంటే విప్పానని కొత్త కోడలు పదిమందిలో చెప్పుకోలేదు. తెలివితక్కువదాన్ని అనిపించుకోవడమే మేలు. మరి ఈయన? "నేనే అన్నానమ్మా, తప్పు నాది" అని ఒక్క మాట అనలేదు. తేలు కుట్టిన దొంగలా నిలబడి లెన్సుకి మూత పెట్టుకున్నాడు. ఆ మూత సరిగ్గా పట్టలేదని మళ్ళీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. తరవాత స్కూటర్ ఎక్కి వచ్చేశాడు.

ఫోటో మాత్రం, నిజం చెప్పొద్దూ, చూస్తే నాకు రోమాలు లేచాయి. ముందు పిల్ల, మొహమంతా జుట్టు. వెనక ఆడవాళ్ళు గాలితో కలిసి సాగిపోతున్నారు, ఒక్కరి పాదం నేలకి ఆనలేదు. తుంపరలో అన్నీ నానినట్టున్నాయి. పోటీకి పంపాడు. ఆ పల్లెవాళ్ళు విజయనగరం వచ్చి చూస్తారా ఏమిటి అని తనకి తనే సర్దిచెప్పుకున్నాడు. మొదటి బహుమతి వచ్చింది. వేదిక మీద ఒక పెద్దాయన, "వీళ్ళెందుకు పరుగెడుతున్నారండీ?" అని అడిగాడు.

"తెప్పలు వచ్చాయని సంతోషంతో అండి" అన్నాడు రంగనాథం.

అందరూ చప్పట్లు కొట్టారు. నోరు తెరుచుకుని నవ్వేదీ, నోరు తెరుచుకుని ఏడ్చేదీ ఆ కదలికలో ఒకలాగే పడతాయి. ఎవరూ అనుమానించలేదు.

ఫోటో పెద్దది చేయించి స్టూడియోలో నీలం పరదా పక్కన తగిలించాడు. మళ్ళీ గిరాకీ వచ్చింది. నరసింగరావు కూడా వచ్చి చూసి భుజం తట్టి వెళ్ళాడు. కానీ సంత రోజు వస్తే మాత్రం రంగనాథం స్టూడియోలో ఉండేవాడు కాదు. ఏదో పని కల్పించుకుని విజయనగరమో ఎక్కడికో పోయేవాడు. దానమ్మ మా వీధిలోంచే కదా పోవాలి.

అలా పోయిన ఒక సంత రోజున ఆయన భార్య కన్యాకుమారి స్టూడియోలో కూచుంది. దానమ్మ మంచినీళ్ళు అడిగితే ఇచ్చింది. ఫోటో ఉన్న గోడ గుమ్మంలోంచి కనిపించదు, దానమ్మ గుమ్మం దాటి రాలేదు. ఆడవాళ్ళిద్దరూ కాసేపు మాట్లాడుకున్నారు. రాత్రి భోజనాల దగ్గర కన్యాకుమారి మొగుడితో అంది: "పాపం, దానమ్మ కోడలికి ఏటి బుద్ధి పుట్టిందోనండి. తెప్పలు రాకముందు ఒడ్డున జుట్టిరబోసుకుని పరుగెట్టిందట. ఊరంతా ఏడ్చి చచ్చారట. వచ్చే ఏడు గంగమ్మ పండగ అయ్యేదాకా ఆ పిల్ల ఇసక తొక్కకూడదని పెద్దలు కట్టుబాటు చేశారట. మొగుడు సముద్రం మీద నుంచి వస్తే ఎదురెళ్ళడానికి లేదు. వాడికి జలుబు చేసినా ఈ పిల్ల వల్లే అంటున్నారట. ఈలోపల వాడికి ఏదైనా అయితే ఆ పిల్లని బతకనిస్తారా?"

రంగనాథం కలిపిన ముద్ద మళ్ళీ కంచంలో పెట్టేశాడు. కన్యాకుమారి ఆ మొహం చూసింది. లేచింది. స్టూడియోలోకి వెళ్ళి గోడ ముందు నిలబడి చాలాసేపు చూసింది. తిరిగి వచ్చి అడిగింది.

"ముందున్నది ఆ పిల్లేనా?"

ఆయన తలూపాడు. అప్పుడు మొత్తం చెప్పాడు. ఆమె అరవలేదు. అరిచి ఉంటే బాగుండేదట.

"ఆ పిల్ల అబద్ధం ఆడింది పరువు కోసం. మీరు నోరు మూసుకున్నది దేనికి? అది చెప్పండి."

దేనికో ఆయనకి తెలుసు. ఆ క్షణంలో కెమెరాలో ఉన్న ఫోటో కోసం. నోరు విప్పితే దాన్ని చెరిపెయ్యమంటారని భయం. ఆ మాట భార్యతో అనలేకపోయాడు. ఫోటో గోడ నుంచి దింపి, సంచిలో పెట్టి, మర్నాడు ఆమెని స్కూటర్ వెనక ఎక్కించుకుని పల్లెకి వెళ్ళాడు. అమ్మ గుమ్మంలోంచి ఎక్కడికిరా అంటే కన్యాకుమారే జవాబు చెప్పింది, చేపల పల్లెకి అత్తయ్యా అని.

దానమ్మ ఎప్పటిలాగే మంచం వాల్చింది. సూరయ్య, ధనరాజు సముద్రం మీద ఉన్నారు. అనూరాధ గుమ్మం పక్కన పళ్ళెంలో బియ్యం ఏరుతోంది. రంగనాథం కూచోలేదు. నిలబడే చెప్పాడు. నేనే పరుగెత్తమన్నాను, నేనే జుట్టు విప్పమన్నాను, ఊరి పెద్దల ముందు కూడా ఇదే చెబుతాను అన్నాడు.

"తెలుసు బాబూ" అంది దానమ్మ. "మెడలో కెమేరా ఏసుకుని అక్కడే ఉన్నావు. నాకు కళ్ళు నేవా?"

"మరి..."

"మరేటి? ఇప్పుడు పెద్దల కాడికెల్లి ఏటి సెప్తావు? పరాయోడు ఇప్పమంటే నా కోడలు జుట్టిప్పినాదని సెప్తావా? ఇసక తొక్కొద్దన్నారు ఇప్పుడు. అది ఇంటే గుమ్మం తొక్కొద్దంటారు. ఆ రోజు, అప్పుడే, అమ్మా నాను తెలక అనేసినాను అంటే నాలుగు తిట్టి ఒగ్గేద్దుము. పైఊరోడు, తెల్దు అనుకుందుము. దీని మీదికి వచ్చేది కాదు."

"నేనిప్పుడు ఏం చెయ్యను?"

"ఏటీ నేదు" అంది. ఆమెకి కోపం కూడా లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నవాడిని కోప్పడి ఏం లాభం?

అనూరాధ పళ్ళెం పక్కన పెట్టింది. "ఆ ఫోటో నాను సూడనేదు" అంది. రంగనాథం సంచిలోంచి తీసి ఇవ్వాలా వద్దా అని తటపటాయిస్తుంటే కన్యాకుమారి తీసి ఇచ్చింది. పిల్ల ముందు తనని వెతుక్కుంది. మొహమే లేదు, జుట్టు. తరవాత వెనకాల వాళ్ళని చూసింది. ఆ రోజు వాళ్ళు తన వెనకనుంచి వచ్చారు, వస్తున్నప్పుడు వాళ్ళ మొహాలు ఆ పిల్ల చూడలేదు. ఇప్పుడు చూసింది. అత్త మొహం దగ్గర వేలు ఆగింది. తెరుచుకున్న నోరు, ఎటో చూస్తున్న కళ్ళు. చప్పట్లు కొట్టినవాళ్ళకి అందులో సంతోషం కనిపించింది. ఆ పిల్లకి ఒక్క క్షణం కూడా కనిపించలేదు.

"నువ్వు ఇలగ పరుగెట్టినావా అత్తా?"

అనూరాధ తల వంచేసుకుంది. చెవుల దాకా ఎర్రబడింది. తల వంచుకోవలసినవాడు అక్కడే నిలబడి ఉన్నాడు. ఆయన సిగ్గంతా ఆ పిల్ల పడుతోంది. అంతకు మించిన శిక్ష ఎవరైనా వేస్తే ఇవాళ చేతులెత్తి మొక్కుతానన్నాడు నాతో.

ఒడ్డు నుంచి కేక వినిపించింది, తెప్పలొచ్చాయని. దానమ్మ లేచి గంప అందుకుంది. పక్క ఇళ్ళలోంచి ఆడవాళ్ళు బయటికి వచ్చారు. అందరూ నడుచుకుంటూ ఇసకలోకి దిగారు. కన్యాకుమారి కూడా వాళ్ళ వెనకాల రెండడుగులు వేసి, అనూరాధ రాకూడదని గుర్తొచ్చి ఆగిపోయింది. అనూరాధ గుమ్మంలోంచి మెడ సాచి చూసింది. మొగుడు ఏ తెప్ప మీద ఉన్నాడో అక్కణ్ణించి కనిపించదు.

రంగనాథం ఇంకా నిలబడే ఉన్నాడు. పిల్ల ఫోటో జాగ్రత్తగా తుడిచి ఆయన చేతికిచ్చింది.

"నాను రాకూడదు గానీ, మీరెల్లండి సార్. తెప్పలొచ్చినప్పుడు ఫోటోలు బాగా వస్తాయి."

అందులో ఎత్తిపొడుపు లేదు. ఉండి ఉంటే తట్టుకునేవాణ్ణి అన్నాడు రంగనాథం.